ఇల్లు చెప్పు చరిత్ర – పాలమూరు సీమ గృహములు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. సామాన్య మానవుడు తన జీవితమున తలపెట్టు మహాకార్యములలో గృహనిర్మాణ మొకటి యని ఈ సామెతకు భావము. అయినను చరిత్ర గ్రంథములలో ఇంటికి దొరకిన చోటు మిక్కిలి స్వల్పము. కోటలు కట్టించిన రాజుల పేర్లు శాసనములలో నిలిచినవి. ఆలయములకు మాన్యములిచ్చిన వారి పేర్లు రాతిపై చెక్కబడినవి. కాని ఆ కోటకు మట్టి మోసినవాడును, ఆ గుడికి రాయి కొట్టినవాడును పొద్దుగుంకిన పిమ్మట మరలి చేరుకొన్న యిల్లు ఎట్టిదో చెప్పు శాసనములు అరుదు.

ఈ లోపమును గుర్తించి పూరింప బూనినవారిలో అగ్రగణ్యులు సురవరం ప్రతాపరెడ్డిగారు. వారు గద్వాల ప్రాంతమున 1896లో జన్మించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1952లో వనపర్తి నియోజకవర్గమునుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1949లో వెలువడిన వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఎట్లు బ్రతికిరి అనునదియే నిజమైన చరిత్ర యని ఆ గ్రంథము తెలుగువారికి నేర్పినది. ఆ దృష్టితో చూచినచో కొత్తకోట చుట్టుపట్ల నిలిచియున్న ప్రతి పాత ఇల్లును చదువదగిన యొక పుస్తకమే.

ఈ పుస్తకము తొలి పుటలు మిక్కిలి పురాతనములు. పాత మహబూబునగరం జిల్లాలోని ఉట్నూరులో 1957వ సంవత్సరమున ఆల్చిన్ అను ఆంగ్ల పురావస్తు పండితుడు ఒక బూడిద దిబ్బను త్రవ్వించెను. అది నాలుగు వేల యేండ్లకు పైబడిన నవీన శిలాయుగము నాటిదని తేలినది. పశువుల మందను కాపాడుటకై మొద్దులు వరుసగా పాతి కట్టిన దొడ్డి ఆనవాళ్లు, దొడ్డి చెంతనే మనుష్యులు నివసించిన జాడలు అచ్చట బయల్పడినవి. పేరుకొన్న పేడ కాలి బూడిదయై, పొరపొరగా దిబ్బ కట్టినది. పశువును విడిచి మనిషి దూరముగా కాపురముండలేదు. ఇంటిలో ఒక భాగమును ఎద్దులకు విడిచి, గాటిపాట కట్టు మన రైతుల యలవాటు నిన్న మొన్నటిది కాదని దీనివలన గ్రహింపవచ్చును.

ఇంటి రూపమును నిర్ణయించునది మొట్టమొదట నేల, పిమ్మట ఎండ. పాలమూరు సీమ మెట్ట ప్రదేశము; వర్షము తక్కువ, వేసవి తీవ్రము. కావున ఇచ్చట మట్టి మిద్దె వర్ధిల్లినది. నీటితో నానబెట్టిన మట్టిలో గడ్డి కలిపి, కాళ్లతో త్రొక్కి, ముద్దలుగా చేసి గోడ పెట్టుదురు. ఒక వరుస ఆరిన పిదపనే రెండవ వరుస పెట్టవలెను; తొందరపడిన గోడ నిలువదు. గోడ దళసరిగా నుండుటచే పగటి యెండ లోపలికి చేరునప్పటికి సాయంకాలమగును. రాత్రి చలి చొరబడునప్పటికి తెల్లవారును. గోడలపై దూలములు, దూలములపై దంతెలు, వానిపై కట్టెలు పరచి, ఆకులలములు కప్పి, ఆపై మట్టి పోయుదురు. అన్నిటికంటె పైన చౌడు మన్ను పరతురు. తడిసినప్పుడు చౌడు మన్ను బిగుసుకొని నీటిని క్రిందికి దిగనీయదు. ఏటేట మృగశిర కార్తెకు ముందు మిద్దెపై క్రొత్త చౌడు పోసి, నీరు జారు దోనెలను సరిచూచుకొనుట ఇంటి యజమానికి విధి.

వేసవి రాత్రులలో ఆ మిద్దెయే పడకటిల్లు. కోతల కాలమున అదియే కళ్లము. మిరపకాయలు, వడియములు, పప్పులు ఎండబెట్టుకొను చోటు. మిద్దె నడుమ విడిచిన గవాక్షినుండి వెలుతురు లోపలికి దిగును, పొయ్యి పొగ వెలికి పోవును. కలిగినవారు నడుమ ఆకసము కనబడు భవంతులు కట్టుకొనిరి. నలువైపుల కొయ్య స్తంభములు, వెనుక గదులు, ఒకమూల ధాన్యపు గుమ్ములు. లేనివారికి ఒంటి దూలపు ఇల్లో, బోదగడ్డి కప్పిన గుడిసెయో గతి. కాని ఏ యింటికైనను వీధివైపున అరుగు తప్పదు. బాటసారి కూర్చుండుటకును, ముసలివారు పొద్దు పుచ్చుటకును, పంచాయితీ తీర్చుటకును, బిడ్డలు పలక పట్టుటకును ఆ యరుగే ఆధారము. అది ఇంటివారి సొత్తైనను ఊరివారి చోటు.

ఇట్టి యిల్లు ఒక్కరివలన లేచునది కాదు. ఉప్పరి మట్టి పని చేయును. వడ్డెర పునాదిరాయి కొట్టును. వడ్రంగి దర్వాజ చెక్కును. కమ్మరి గొళ్లెము, మేకులు చేయును. కుమ్మరి పెంకులు కాల్చును. నేల యలుకుట, గోడకు జాజు పూయుట, కడపకు పసుపు కుంకుమలు పెట్టుట స్త్రీల చేతిపని. ఇల్లు కట్టుట పురుషుని ఘనతగా చెప్పుకొందురు గాని, మట్టి యింటిని ఏటేట నిలువబెట్టినది స్త్రీల చేతులే. అలుకు మానిన నేల పగులును. పూత మానిన గోడ వానకు కరగును. ఒక్క యేడు పట్టించుకొనకున్న మట్టి యిల్లు మట్టిలో కలియుటకు సిద్ధపడును.

కొత్తకోట చేనేతకు పేరు వడసిన యూరు. గద్వాల తీరున నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును జతపరచి నేయు పనితనము ఈ ప్రాంతపు సాలెల సొత్తు. గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. నేతగాని యిల్లు మగ్గము చుట్టు కట్టిన యిల్లు. మొదట గుంటమగ్గమునకు చోటు చూచుకొని, మిగిలిన చోట వంటకును పడకకును ఏర్పాటు చేసికొందురు. గుంటలో కాళ్లు దింపి, నేలమట్టమున కూర్చుండి నేయుదురు. నేల చల్లదనము, మట్టిగోడల చెమ్మ దారమును మెత్తగా నుంచును. గాలి పొడిబారినచో పోగులు తెగును. భార్య కండెలు చుట్టును, వృద్ధులు ఆసు పోయుదురు, బిడ్డలు పోగులందింతురు. తెల్లవారుజామున వీధి పొడుగున పడుగు చాచి గంజి పెట్టుదురు. కావున సాలెవాడలో వీధియు ఇంటిలోనిదే. ఆ వీధి నిడివి పడుగు నిడివికి తగినట్లుండవలెను. ఇంటికిని వృత్తికిని ఇంతటి పొత్తు మరియొక చోట కానరాదు.

అయినను ఈ పొత్తులో బాధయు గలదు. వాన ముసురు పట్టినచో గుంటలో నీరూరును; మగ్గము నిలిచిపోవును; మగ్గము నిలిచిన నాడు పొయ్యి చల్లారును. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు పొంగినప్పుడు తుంగభద్ర యొడ్డున గల రాజోలి యను నేతగాండ్ర గ్రామమున ఇండ్లతో పాటు మగ్గములును నీటి పాలైనవి. ఇతరులకు ఇల్లు కూలినచో నీడ పోవును. నేతగానికి నీడయు కూడును ఒక్కమారే పోవును.

సామాన్యుని యింటికి ఎదురుగా నిలిచినవి సంస్థానాధీశుల కోటలు, దొరల గడీలు. ఈ సీమలో గద్వాల, వనపర్తి, జటప్రోలు మున్నగు సంస్థానములు నిజాము ప్రభువునకు కప్పము చెల్లించుచు వర్ధిల్లినవి. గద్వాల కోటకు సోమనాద్రి పేరు, కొల్లాపురమునకు సురభివారి పేరు నేటికిని పెనవైచుకొని యున్నవి. 1949 ఆగస్టున జాగీర్ల రద్దు శాసనము వచ్చిన పిదప ఆ ప్రభుత్వములు అంతరించినవి. భవనములు మాత్రము మిగిలినవి. వనపర్తి రాజా రామేశ్వరరావుగారి ప్రాసాదమున 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి పేరిట డిగ్రీ కళాశాల నెలకొన్నది. ఒకనాడు సామాన్యుడు తలవంచి నిలిచిన ద్వారముననే, తరువాతి కాలమున రైతు బిడ్డలు పుస్తకములు చేతబట్టి ప్రవేశించిరి. పాత భవనమునకు ఇంతకంటె మంచి గతి లేదు. వాడుకలో నున్న ఇల్లే బ్రదుకును. తాళము వేసిన ఇల్లు ఎంత గట్టిదైనను శిథిలమగును.

గడీల కథ వేరు. నల్లగొండ, మహబూబునగరం జిల్లాలలో దేశముఖులును పటేలు పట్వారులును ఎత్తైన గోడలతో, బురుజులతో కట్టించుకొన్న ఇండ్లను ప్రజలు గడీలనిరి. వానిలో పెక్కింటి గోడలు వెట్టిచాకిరితో లేచినవి. గడీ ముందర చెప్పులు విడిచి నడువవలసిన కాలమొకటి యుండెను. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటమున నల్లగొండ జిల్లా గడీలు ప్రజాగ్రహమునకు గురియైనవి. దొరలు పట్టణములకు తరలిన పిదప కొన్ని కూలినవి, కొన్ని బడులుగను కచ్చేరీలుగను మారినవి. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను వారసులు శ్రద్ధతో బాగుచేయగా, దానికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించెను. గడీని కాపాడుట యనగా దొరతనమును కొనియాడుట కాదు. ఆ బురుజులు ఎవరి రెక్కల కష్టముతో లేచినవో చెప్పుటకు ఆ బురుజులే సాక్ష్యము. సాక్ష్యమును చెరిపివేసినచో ఫిర్యాదును మరుగునపడును.

1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో, ఆచార్య వినోబా భావే సమక్షమున భూమి లేని హరిజనులు భూమిని యాచింపగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరు ఎకరములు దానమొసగిరి. భూదానోద్యమము అచ్చట పుట్టినది. ఆ సంఘటనను భూచరిత్రలో చెప్పుకొందుము గాని గృహచరిత్రలోను దానికి చోటుండవలెను. కాలి క్రింది నేల తనది కానివాడు గట్టి గోడ పెట్టుకొనలేడు. గుడిసెకును మిద్దెకును గల భేదము డబ్బు భేదము మాత్రమే కాదు. పట్టా భేదము కూడ. ఊరి వెలుపలి వాడలలో తరతరములుగా గుడిసెలే నిలుచుటకు గల కారణము ఇందే యున్నది.

నీటిలో మునిగిన ఇండ్ల కథ ఇంకను విషాదకరము. శ్రీశైలము జలాశయము నిండుటకై 1981లో కర్నూలు, మహబూబునగరం జిల్లాలలో నూరు గ్రామముల దాక ఖాళీ చేయించిరి. జటప్రోలు, సోమశిల ప్రాంతముల ఆలయములను పురావస్తు శాఖవారు రాతికి రాయి సంఖ్య వేసి విప్పి, ఎత్తైన చోట మరల నిలిపిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురమునకు తరలి వచ్చినది. ఆ కార్యము మిగుల ప్రశంసనీయము. కాని దేవుని యిల్లు తరలినట్లు మనుష్యుని యిల్లు తరలలేదు. దర్వాజలును దూలములును బండ్లపై కెక్కినవి. గోడలు, అరుగులు, తులసికోటలు కృష్ణలో కలిసినవి. వేసవిలో జలాశయము తగ్గినప్పుడు ఆ యూళ్ల పునాదులు బయటపడుటయు, పూర్వ నివాసులు పోయి తమ కడప ఎచ్చటనో వెదకుకొనుటయు కలదు. ఏ ఇంట ఎన్ని గదులు, ఏ వీధిలో ఎవరి ఇల్లు అను లెక్క పరిహారపు కాగితములలోనే తప్ప, చదువుకొను పుస్తకమున ఎక్కలేదు.

మరియొక వింత గలదు. దేశమున ఆనకట్టలును మేడలును కట్టిన కూలీలలో పాలమూరు కూలీల పేరు ప్రసిద్ధము. నాగార్జునసాగరము మొదలుకొని బొంబాయి వరకు వారి చెమట చిందని చోటు లేదందురు. ఇతరుల కొరకు నూరంతస్తుల మేడలెత్తిన ఆ చేతులు, తమ ఊరి మట్టి గోడకు పూత వేయుటకు సంక్రాంతికో, పీర్ల పండుగకో మాత్రమే తిరిగి వచ్చెడివి. కరవు తరిమిన యేండ్లలో వీధికి వీధి తాళములు వ్రేలాడెను. ఇంట మిగిలినవారు ముసలివారును పసివారును. చౌడు పోయువారు లేక మిద్దెలు కారినవి. అలుకువారు లేక నేలలు పగిలినవి. పాత ఇండ్లు వానకు కూలినవని చెప్పుదుము. నిజమునకు వానిని కూల్చినది వలస.

ఇట్టి స్థితిలో ప్రజలు గట్టి యిండ్లు కోరుట న్యాయము. మట్టి యింటి సొగసును పొగడువారు దాని గోడ పగులులోని తేలును, వానాకాలపు రాత్రిని కూడ తలచుకొనవలెను. 1985లో కేంద్ర ప్రభుత్వమువారి ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ పథకము, 2015లో తెలంగాణ ప్రభుత్వమువారి రెండు పడక గదుల పథకము, 2024లో మరల ఇందిరమ్మ ఇండ్ల పథకము వచ్చినవి. 2015 నాటి ఇంటికి 560 చదరపు అడుగుల కొలత నిర్ణయించిరి. 2024 నాటి పథకమున కనీసము 400 చదరపు అడుగులు, ఐదు లక్షల రూపాయల సహాయము అని ప్రకటించిరి. గుడిసెలో పుట్టినవానికి పైకప్పు కారని యిల్లు దొరకుట సామాన్య విషయము కాదు. కాని ఒకే కొలత, ఒకే పటము అన్ని వృత్తులవారికిని సరిపడునా యనునది విచారింపదగిన ప్రశ్న. నాలుగు వందల అడుగులలో గుంటమగ్గమునకు చోటెక్కడ? సిమెంటు కప్పు క్రింద నడివేసవిలో నూలు ఎట్లు నిలుచును? ఎద్దునకు, మేకకు, గుమ్మికి స్థానమెక్కడ? అరుగు లేని ఇంటి ముందు ముసలివాడు ఎక్కడ కూర్చుండవలెను? పాత ఇంటిని కూల్చుటకు ముందు, దానినుండి క్రొత్త ఇల్లు నేర్చుకొనవలసిన దేమో అడిగినవారు తక్కువ.

ఈ ప్రశ్న మనకు మాత్రమే ఎదురైనది కాదు. అమెరికా మధ్యపడమటి సీమలో కొలంబస్ అను నగరము గలదు. అచ్చటికి పందొమ్మిదవ శతాబ్దమున వలసవచ్చిన జర్మను శ్రమజీవులు చిన్న చిన్న ఇటుక ఇండ్లు కట్టుకొనిరి. 1950 ప్రాంతమునకు అవి జీర్ణించి, కూల్చివేతకు పాత్రములని పలువురు తలచిరి. అప్పుడు ఫ్రాంక్ ఫెచ్ అను నగరవాసి ఒక చిన్న యింటిని తీసికొని బాగుచేసి చూపెను. 1960లో ఇరుగుపొరుగువారు ఒక సంఘముగా నేర్పడిరి. 1974లో ఆ పేట యావత్తు దేశపు చారిత్రక స్థలముల పట్టికలో చేరినది. అవి ప్రాసాదములు కావు, కూలీల ఇండ్లు. అదే సీమలోని సెయింట్ లూయీ నగరమున మరియొక మార్గము త్రొక్కిరి. పాత పేటను నేలమట్టము చేసి, 1954 మొదలుగా పదునొకండంతస్తుల మేడలు ముప్పదిమూడు కట్టిరి. నిర్వహణ కొరవడి అవి నివాసయోగ్యములు కాక, 1972 మొదలు వానినే కూల్చివేసిరి. అయితే కొలంబస్ పేటలో ఇండ్లు బాగుపడిన పిదప వెలలు పెరిగి, పేద శ్రామికునికి అవి అందని ఫలములైనవి. ఇల్లు నిలిచి ఇంటివాడు కదలిపోయినచో దానిని పూర్ణ విజయమనరాదు. మన చేనేత వాడలకు ఇది ఒక హెచ్చరిక.

ఇందు గ్రంథాలయమునకు పనియేమి యని ఎవరైన నడుగవచ్చును. తెలంగాణమున గ్రంథాలయోద్యమము పుట్టినదే ఒక ఇంటిలో. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయము రావిచెట్టు రంగారావుగారి యింట ప్రారంభమైనది. పల్లెలలో ఎవరో ఒకరి అరుగుమీద పత్రికను ఒకరు చదువగా పదిమంది వినుటతో గ్రంథాలయోద్యమము వ్యాపించినది. అరుగు ఋణము గ్రంథాలయముపై నున్నది. రజతోత్సవము ఆ ఋణము తీర్చుకొనుటకు తగిన సమయము.

ఆ పని గొప్ప ధనమును కోరునది కాదు. ఊరిలో నిలిచియున్న ప్రతి పాత ఇంటిని కొలుచుటకు ఒక దారమును, వ్రాయుటకు ఒక పుస్తకమును చాలును. గోడ దళసరి యెంత, దూలము ఏ కొయ్య, దర్వాజ చెక్కినవారెవరు, మగ్గపు గుంట ఎచ్చట, గవాక్షి ఎటువైపు, ఏ యేట చౌడు పోయుట మానిరి – ఇవి వ్రాసి పెట్టవలెను. ఇంటి భాగముల పేర్లను వృద్ధుల నోట విని చేర్చవలెను. ఇల్లు పోయిన పిదప మొదట మరచునది ఆ మాటలనే. బడిపిల్లలు ఈ పనికి పూనుకొన్నచో వారికి గణితమును, చరిత్రయు, తెలుగును ఏకకాలమున అబ్బును. క్రొత్త ఇండ్లకు పటములు గీయు అధికారులకు అట్టి పుస్తకమును చూపి, నేతగానికి మగ్గపు చోటు, రైతునకు కొట్టపు చోటు అడుగుటకు ఊరివారికి ఆధారమును చేకూరును.

మట్టి ఇల్లు ఎంతకాలమో నిలువదు. అది నేలనుండి లేచినది, నేలకే మరలును, అందు తప్పులేదు. కాని అందు పుట్టి, అందు నేసి, అందు వండి, అందు కన్ను మూసినవారి బ్రదుకు కూడ దానితో మట్టిలో కలియుట తప్పు. రాజుల కోటలకు చరిత్రకారులున్నారు. కొత్తకోట సాలెవాడకును, కూలివాడకును చరిత్ర వ్రాయువారు ఆ యిండ్లవారి బిడ్డలే కావలెను. గోడ కూలకముందే ఆ వ్రాత ముగియవలెను.